ల్యాప్‌టాప్‌లో పిలవని పేరంటం

ఎండలు ముదిరాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. ఫాంట్లు, ప్రింటర్ల సంగతి వెనక్కి పోయి, కాలిపోతున్న ల్యాప్‌టాప్‌లు, నిలవని ఛార్జింగు ముందుకు వస్తాయి. ఈసారి విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే తీగకు కాసినవి కాబట్టి వాటిని ఒకచోట చేర్చాము.

ప్రశ్న: నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్న ఉపాధ్యాయురాలిని. మూడేళ్ల కిందట కొన్న నా విండోస్ 11 ల్యాప్‌టాప్ మొదట్లో ఒకసారి ఛార్జ్ చేస్తే 6 గంటలు పనిచేసేది. ఇప్పుడు 2 గంటలు రావడం గగనమైంది. వర్డ్‌లో ప్రశ్నపత్రం తయారు చేసుకోవడం తప్ప మరే పనీ చేయకపోయినా ఫ్యాను హోరుమంటుంది, అడుగుభాగం ఒళ్లో పెట్టుకోలేనంతగా కాలుతుంది. మరమ్మతు దుకాణంలో చూపిస్తే బ్యాటరీ పోయింది, మార్చాలన్నారు. మార్చమంటారా?

జవాబు: అప్పుడే మార్చకండి. పాతబడిన బ్యాటరీ తక్కువసేపు వస్తుందన్న మాట నిజమే గానీ, బ్యాటరీ పాతబడినంత మాత్రాన ఫ్యాను హోరెత్తదు. సమయం తగ్గడం, వేడి పెరగడం రెండూ కలిసి వచ్చాయంటే, లోపల ఏదో పని మీ ప్రమేయం లేకుండా జరుగుతోందని ముందుగా అనుమానించాలి. ఒక్క జాగ్రత్త మాత్రం ఇప్పుడే తీసుకోండి. ల్యాప్‌టాప్‌ను బల్లమీద పెట్టి చూసినప్పుడు అడుగు ఉబ్బినట్టుగా గానీ, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుగా గానీ కనిపిస్తే అది ఉబ్బిన బ్యాటరీ. అటువంటప్పుడు ఛార్జింగు ఆపి, వెంటనే మార్పించాలి. ఆ లక్షణం లేకపోతే దుకాణదారు మాటను మీరే ఇంట్లో సరిచూసుకోవచ్చు.

స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పవర్ అనే మాటకు సి, ఎఫ్, జి అనే మూడు అక్షరాలను ఖాళీ లేకుండా తగిలించి ఆంగ్లంలో టైపు చేయండి. తరువాత ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన స్లాష్ గీత పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అన్న రెండు మాటలను కలిపి రాసి ఎంటర్ నొక్కండి. ఒక నివేదిక తయారై, అది ఏ ఫోల్డర్‌లో ఉందో అక్కడే చూపిస్తుంది. దానిని బ్రౌజర్‌లో తెరిస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది బ్యాటరీ పుట్టినప్పటి సత్తువ, రెండవది నేటి సత్తువ. ఉదాహరణకు మొదటిది 42,000, రెండవది 35,000 మిల్లీవాట్ అవర్లు అనుకుందాం. అంటే ఆరింట అయిదు వంతులు మిగిలే ఉంది. అప్పట్లో 42,000 మిల్లీవాట్ అవర్లతో, అంటే 42 వాట్ అవర్లతో, 6 గంటలు వచ్చిందంటే ల్యాప్‌టాప్ సగటున 7 వాట్లు తీసుకునేదన్నమాట. అదే వాడకానికి ఇప్పటి 35 వాట్ అవర్లతో 5 గంటలు రావాలి. రెండు గంటలే వస్తోందంటే వాడకం 17.5 వాట్లకు చేరింది. పెరిగిన ఆ 10.5 వాట్లు మన వంటింట్లో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తినే దానికన్నా ఎక్కువ, అది దాదాపుగా అంతా వేడిగానే బయటికి రావాలి. మీ అంకెలు ఇలా ఉంటే కొత్త బ్యాటరీ వేయించినా అది కూడా మూడు గంటలు తిరగకముందే ఖాళీ అవుతుంది. రెండవ అంకె మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే మాత్రం దుకాణదారు చెప్పినదీ కొంత నిజమే.

ఇక ఆ అదనపు వాట్లు ఎవరు తింటున్నారన్న ప్రశ్న. ప్రాసెసర్ నిజానికి గొప్ప నిద్రపోతు. మీరు ఒక అక్షరం టైపు చేసి ఇంకో అక్షరం కోసం వేలు కదిపే లోపల కూడా అది కునుకు తీస్తుంది, ఆ కునుకుల పుణ్యానే బ్యాటరీ అన్ని గంటలు వస్తుంది. తెర వెనుక ఒక ప్రోగ్రాము ఊరికే తట్టి లేపుతూ ఉంటే దానికి గాఢనిద్ర దక్కదు. మెలకువగా ఉన్న ప్రాసెసర్ వేగం పెంచుకుంటుంది, వేగం పెరగాలంటే వోల్టేజీ పెరగాలి, వోల్టేజీ పెరిగితే వేడి అంతకు మించి పెరుగుతుంది. దీనికి తోడు ఫ్యాను లోపలికి లాగేది గదిలోని గాలినే. మే నెలలో బెజవాడ గది గాలే 40 డిగ్రీల దగ్గర ఉంటే, ఎంత తిరిగినా ఫ్యాను అంతకన్నా చల్లబరచలేదు. చలికాలంలో కప్పిపుచ్చుకున్న దోషం వేసవిలో బయటపడటానికి కారణం ఇదే.

దొంగను పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి, ఏ ప్రోగ్రామూ తెరవకుండా పది నిమిషాలు వదిలేయండి. తరువాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ (అంటే ప్రాసెసర్) అన్న శీర్షిక మీద నొక్కితే ఎక్కువ వాడుతున్నవి పైకి వస్తాయి. తెరిచిన తొలి క్షణాల్లో టాస్క్ మేనేజరే కొంత హడావిడి చేస్తుంది కాబట్టి రెండు నిమిషాలు ఆగి చదవండి. ఏమీ చేయని యంత్రంలో మొత్తం వాడకం ఒకటి రెండు శాతం నుంచి అయిదారు శాతం లోపల ఊగిసలాడటం సహజం. అది ఇరవై, ముప్పై దగ్గర స్థిరంగా నిలిస్తే పై వరుసలో ఉన్న పేరును రాసుకోండి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. ఏదో ఒక ప్రోగ్రాము ఎదురుగా 12 శాతం కనిపిస్తే పన్నెండే కదా అని వదిలేస్తారు. ప్రాసెసర్‌కు ఏకకాలంలో పనులు నడిపే ఎనిమిది దారులుంటే అందులో ఒక దారిని పూర్తిగా ఆక్రమించిన ప్రోగ్రాము లెక్క సుమారు 12.5 శాతంగానే కనబడుతుంది. ఎంతసేపు చూసినా పన్నెండు దగ్గరే కదలకుండా ఉన్న అంకె, ఒక్కసారి 40కి ఎగిరి మళ్లీ సున్నాకు దిగే అంకెకన్నా ప్రమాదకరం.

పై వరుసలో సాధారణంగా తగిలే పేర్లలో యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అనేది విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్, సెర్చ్ ఇండెక్సర్ అనేది ఫైళ్ల పేర్లకు సూచిక తయారు చేసేది. ఇవి కాక విండోస్ అప్‌డేట్, ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే వన్‌డ్రైవ్ ఉంటాయి. ఈ నాలుగూ పెద్ద అప్‌డేట్ వచ్చిన తరువాత గానీ, వందలకొద్దీ ఫోటోలు ఎక్కించిన తరువాత గానీ కొన్ని గంటలు కష్టపడి తమంతట తామే చల్లారుతాయి. ఒక రాత్రి ఛార్జర్ తగిలించి, మూత తెరిచి, నిద్రపోకుండా సెట్ చేసి వదిలేస్తే పని ముగించుకుంటాయి. మూడు నాలుగు రోజులైనా చల్లారకపోతేనే జోక్యం చేసుకోవాలి.

అసలు చికిత్స స్టార్టప్‌లో ఉంది. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ అన్న పేజీ తెరవండి. ల్యాప్‌టాప్ లేచినప్పుడల్లా పిలవకుండా వచ్చి కూర్చునే ప్రోగ్రాములన్నీ అక్కడ వరుసగా ఉంటాయి. ఆన్‌లైన్ తరగతుల కోసం వేసుకున్న వీడియో కాల్ యాప్‌లు, పిల్లలు ఆడి వదిలేసిన ఆటల లాంచర్లు, పాటల యాప్‌లు, ఫోను అనుసంధానించే సాధనాలు, కొన్నప్పుడే కంపెనీ ఎక్కించి ఇచ్చిన సహాయకులు, ఇలా తిలా పాపం తలా పిడికెడు. నా సొంత ల్యాప్‌టాప్‌లో ఒక ప్రింటర్ సాఫ్ట్‌వేర్, ఆ ప్రింటర్‌ను నేను బంధువులకు ఇచ్చేసిన రెండేళ్ల తరువాత కూడా, దాని కోసం రోజూ నెట్‌వర్క్ అంతా వెతుకుతూ ఉండటం చూశాను. అటువంటివాటి మీద కుడి మీట నొక్కి డిసేబుల్ చేయండి. ఇది తీసివేయడం కాదు, అవసరమైనప్పుడు మీరే తెరిస్తే ఎప్పటిలాగే పనిచేస్తాయి. టచ్‌ప్యాడ్, ధ్వని, భద్రతలకు సంబంధించిన వాటిని మాత్రం అలాగే ఉంచండి.

బ్రౌజర్ సంగతి విడిగా చెప్పాలి. క్రోమ్ కిటికీ మూసినా అది పూర్తిగా పోయిందనుకోకండి. దాని సెట్టింగ్స్‌లో సిస్టమ్ అన్న భాగంలో, క్రోమ్ మూసిన తరువాత కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లను నడుపుతూ ఉండమనే మీట ఒకటి ఉంటుంది, దానిని ఆపండి. ఎడ్జ్‌లో స్టార్టప్ బూస్ట్ అన్నదీ ఈ జాతిదే. క్రోమ్ తెరిచి ఉన్నప్పుడు షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటున్నదీ అక్కడ తేలిపోతుంది. వార్తల సైట్లలో తమంతట తామే ఆడే వీడియో ప్రకటనలు పెద్ద తిండిపోతులని మీకే కనబడుతుంది.

చివరగా, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ అండ్ బ్యాటరీ, అందులో బ్యాటరీ యూసేజ్ తెరిస్తే గడిచిన 24 గంటల్లోనూ, 7 రోజుల్లోనూ ఏ యాప్ ఎంత బ్యాటరీ వాడిందో ఉంటుంది. తెరమీద ఉండి వాడినది వేరుగా, తెర వెనుక వాడినది వేరుగా చూపిస్తుంది. మీరు తెరవనే తెరవని యాప్ అక్కడ కనిపిస్తే, దాని పక్కనున్న మూడు చుక్కల ద్వారా బ్యాక్‌గ్రౌండ్ అనుమతిని నెవర్ చేయవచ్చు, అయితే ఈ సౌకర్యం అన్ని యాప్‌లకూ ఉండదు. ఇవన్నీ చేసి వారం రోజులు వాడి, అప్పటికీ గంటలు పెరగకపోతే బ్యాటరీ మాట ఆలోచిద్దాం.

ప్రశ్న: గుంటూరు నుంచి రోజూ బస్సులో విజయవాడ వచ్చి ఉద్యోగం చేస్తాను. ఇంట్లో ల్యాప్‌టాప్ మూత వేసి సంచిలో పెట్టుకుంటాను. మంగళగిరి దాటేసరికి సంచి వీపుకు కాలుతూ ఉంటుంది, ఆఫీసులో తెరిస్తే ఛార్జింగు 80 నుంచి 55కు దిగి ఉంటుంది. మూసిన ల్యాప్‌టాప్ ఏం పని చేస్తోంది?

జవాబు: మూసినంత మాత్రాన అది నిద్రపోలేదు. పాత ల్యాప్‌టాప్‌లలో స్లీప్ అంటే తాత్కాలిక జ్ఞాపకమైన రామ్‌కు తప్ప మిగతా భాగాలకు కరెంటు ఆగిపోయేది, దానిని సాంకేతికంగా ఎస్3 అంటారు. ఇటీవలి చాలా ల్యాప్‌టాప్‌లలో దాని స్థానంలో మోడరన్ స్టాండ్‌బై వచ్చింది. మొబైల్ ఫోన్ లాగా తెర ఆరిపోయినా నెట్‌వర్క్‌తో సంబంధం ఉంచుకుని, మధ్య మధ్య లేచి మెయిళ్లు తెచ్చుకోవడం, అప్‌డేట్లు చూసుకోవడం దీని ఉద్దేశం. సవ్యంగా సాగితే ఇబ్బంది ఉండదు. పరికరాలను నడిపే ఒక డ్రైవర్ సాఫ్ట్‌వేరో, ఒక ప్రోగ్రామో తిరిగి పడుకోనివ్వకపోతే మాత్రం గాలి ఆడని సంచిలో ల్యాప్‌టాప్ కుంపటి అవుతుంది. లిథియం బ్యాటరీకి ఇది పెద్ద చెరుపు, ఎందుకంటే వేడిలో గడిపిన ప్రతి గంటా దాని ఆయుష్షులోంచే పోతుంది.

పైన చెప్పిన పవర్ సీఎఫ్‌జీ ఆదేశం తరువాత ఖాళీ వదిలి, స్లాష్ గీత, ఆంగ్లంలో ఎ అనే ఒక్క అక్షరం కొట్టి చూడండి. జవాబులో ‘ఎస్0 లో-పవర్ ఐడిల్’ అనేది అందుబాటులో ఉందని వస్తే మీది మోడరన్ స్టాండ్‌బై యంత్రమే. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎ బదులు స్లీప్ స్టడీ అన్న మాటలను కలిపి రాస్తే, నిద్ర సమయంలో ఎవరు ఎంతసేపు మేలుకొని ఉన్నారో నివేదిక వస్తుంది. కుతూహలం ఉంటే చదవండి. ఓపిక లేకపోతే నేరుగా మందు వేసుకోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, మూత వేస్తే ఏం చేయాలన్న చోట బ్యాటరీ మీద ఉన్నప్పుడూ, ఛార్జర్ మీద ఉన్నప్పుడూ రెండింటికీ స్లీప్ బదులు హైబర్నేట్ ఎంచుకోండి. ఆ ఎంపిక కనిపించకపోతే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన ఆ కిటికీలోనే అదే ఆదేశానికి స్లాష్ గీత, హైబర్నేట్, ఖాళీ, ఆన్ అని చేర్చి కొడితే వస్తుంది. హైబర్నేట్‌లో మీరు తెరిచిన పనంతా డిస్కులో భద్రపరచి యంత్రం నిజంగానే ఆగిపోతుంది. తిరిగి లేవడానికి స్లీప్ కన్నా కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, వేగవంతమైన డిస్కు అయిన ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆ తేడా లెక్కలోకి రాదు. మూత వేసిన వెంటనే సంచిలోకి తోయకుండా, దీపాలు ఆరి ఫ్యాను ఆగేదాకా అర నిమిషం ఆగితే చాలు.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు లెక్కలు చూస్తాను. సీజనులో ల్యాప్‌టాప్ ఉదయం నుంచి రాత్రి దాకా నడుస్తుంది, ఫ్యాను మోత భరించలేము. మా మేనల్లుడు ఉచితంగా దొరికే క్లీనర్, రామ్ బూస్టర్ ప్రోగ్రాములు రెండు వేసి ఇచ్చాడు. అవి వేశాక మరీ మందగించింది.

జవాబు: మీ విషయంలో రెండు దోషాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వాడకం అయిదు శాతం లోపల ఉండి కూడా ఫ్యాను మోగుతూనే ఉంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, గాలి దారిది. వాడకం ఇరవై, ముప్పై శాతం దగ్గర గానీ, అంతకు మించి గానీ నిలిచి ఉంటే సాఫ్ట్‌వేర్‌ను అడగాలి. మిర్చి ఘాటు మనుషులనే తుమ్మిస్తుంది, ఫ్యాను రెక్కల వెనుక ఉండే సన్నటి రాగి, అల్యూమినియం పలకల సందుల్లో ఆ దుమ్ము చాపలా పేరుకుంటే గాలి బయటికి పోవడానికి చోటుండదు. సీజను ముగియగానే ఒకసారి విప్పించి శుభ్రం చేయించండి. మీరే బ్లోయర్‌తో ఊదదలిస్తే యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఫ్యాను రెక్క గిరగిరా తిరగకుండా పుల్లతో ఆపి, ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని ఊదండి. ఆ దుమ్ము ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు.

మేనల్లుడి ప్రేమను కాదనలేము గానీ ఆ రెండు ప్రోగ్రాములనూ తీసివేయండి. ఖాళీగా ఉన్న రామ్ వల్ల వేగం రాదు. మళ్లీ కావలసివస్తాయని విండోస్ అందులో దాచుకున్న వాటిని బూస్టర్ బలవంతంగా బయటికి నెడితే, కాసేపటికే అవన్నీ డిస్కు నుంచి తిరిగి తెచ్చుకోవలసి వస్తుంది. ఆ వృథా శ్రమ కూడా వేడే. పైగా అనవసరమైన బ్యాక్‌గ్రౌండ్ ప్రోగ్రాములను ఆపుతానని చెప్పే ఆ క్లీనరే 24 గంటలూ బ్యాక్‌గ్రౌండ్‌లో కూర్చుంటుంది.

ప్రశ్న: బీటెక్ విద్యార్థిని, గుంటూరు. వేడి తగ్గాలంటే డిఫెండర్‌ను, విండోస్ అప్‌డేట్‌ను శాశ్వతంగా ఆపేయాలని స్నేహితులు అంటున్నారు. ఇంకో విచిత్రం, ఫ్యాను మోగుతుండగా టాస్క్ మేనేజర్ తెరిస్తే వెంటనే చల్లబడుతుంది, మూస్తే మళ్లీ మొదలు.

జవాబు: మీరు చెప్పిన ఆ విచిత్రం చదివాక మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం తేలికైంది. ఆపవద్దు. చూసినప్పుడు బుద్ధిగా ఉండి, చూపు తిప్పగానే పని మొదలుపెట్టేది సాధారణ ప్రోగ్రాము చేసే పని కాదు. మీ ప్రాసెసర్‌తో ఎవరో క్రిప్టో నాణేలు (కంప్యూటర్ లెక్కలతో పుట్టించే డిజిటల్ డబ్బు) తవ్వించుకుంటున్నారని అనుమానించాలి. డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం పగలగొట్టిన ఆటల వెంట, సాఫ్ట్‌వేర్ల వెంట ఇటువంటివి తరచుగా వస్తాయి, వాటిని ఎక్కించేటప్పుడు యాంటీవైరస్‌ను ఆపమని అడగడంలోని ఆంతర్యమూ అదే. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ తెరిచి, స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. యంత్రం రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే సుమారు పావుగంట పాటు వెతుకుతుంది కాబట్టి దాక్కోవడం కష్టం. తెరిచి ఉన్న పనిని ముందు సేవ్ చేసుకోండి. ఆ తరువాత పగలగొట్టిన సాఫ్ట్‌వేర్‌ను తీసివేసి, ముఖ్యమైన పాస్‌వర్డ్‌లను వేరే యంత్రం నుంచి మార్చుకోండి. అప్‌డేట్లు చదువు వేళల్లో విసిగిస్తే యాక్టివ్ అవర్స్‌లో మీ సమయాలు ఇవ్వండి, ఆ గంటల్లో రీస్టార్ట్ చేయదు.

ప్రశ్న: మాది మ్యాక్‌బుక్. అందులో కెర్నల్ టాస్క్ అనేది అప్పుడప్పుడు సీపీయూను విపరీతంగా వాడుతోంది. ఆపడం ఎలా? (లబ్బీపేట, విజయవాడ)

జవాబు: దానిని ఆపకూడదు, ఆపలేరు కూడా. యంత్రం వేడెక్కినప్పుడు ఇతర ప్రోగ్రాములకు ప్రాసెసర్ అందకుండా అది అడ్డంగా కూర్చుని చల్లబరుస్తుంది. అంటే అది వేడికి కారణం కాదు, వేడికి విరుగుడు. యాక్టివిటీ మానిటర్‌లో ఎనర్జీ పేజీ తెరిచి, దాని పక్కన మరెవరు ఎక్కువ వాడుతున్నారో చూడండి, అనవసరమైన వాటిని సిస్టమ్ సెట్టింగ్స్‌లోని జనరల్, లాగిన్ ఐటెమ్స్ నుంచి తొలగించండి. మ్యాక్‌బుక్‌ను 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్న చోట వాడమని ఆపిల్ సంస్థ చెబుతుంది. మన ఊరి మే నెల మధ్యాహ్నం ఆ హద్దులో లేదు కాబట్టి కనీసం పరుపు మీద పెట్టకుండా గట్టి బల్ల మీద, కిటికీ ఎండకు దూరంగా వాడండి.

ప్రశ్న: టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ పేజీ చూసి భయపడ్డాను. సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ అనేది 96 శాతం సీపీయూ తింటోంది. ఎండ్ టాస్క్ కొట్టినా పోవడం లేదు. ఇదేనా నా బ్యాటరీని తాగేస్తున్నది? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఐడిల్ అంటే ఖాళీగా ఉండటం. ప్రాసెసర్ ఏ పనీ లేకుండా గడిపిన సమయాన్ని విండోస్ ఆ పేరు ఎదురుగా రాస్తుంది, అంటే మీ ప్రాసెసర్ 96 శాతం సమయం కునుకు తీస్తోంది. దాన్ని అలాగే పడుకోనివ్వండి.